రాయి మీద లీవెన్

ఆ పొద్దున లీవెన్ పెట్టుకున్న పని ఒక్కటే: నిద్రపోవడం. పడవవాళ్ళ సంఘానికి చెక్కుతున్న రాగిరేకు ముందురోజు సాయంత్రానికి పూర్తయింది. భార్య టానెకెన్ మొదటి అచ్చు తీసి తాడు మీద ఆరవేసింది. సంఘం పెద్ద వచ్చి, చూసి, బాగుందని ఒక మాట అని వెళితే చాలు. ఆ తరువాత కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని, ఎవరు చచ్చినా లేవకుండా పడుకోవాలని లీవెన్ నిర్ణయం. ఆ సంగతి భార్యకు రెండుసార్లు, పిల్లికి ఒకసారి చెప్పాడు.

పడుకోవాల్సిన మనిషే పాపం. ముప్పై ఏళ్ళుగా ఆంట్‌వెర్ప్ రేవు వెనక సందులో, మేడమీద కిటికీ పక్కన, నీళ్ళు నింపిన గాజుబుడ్డి గుండా పడే వెలుతురులో రాగిని గీస్తూ కూర్చున్నాడు. వెన్ను వంగిపోయింది, కళ్ళు ఎర్రబడిపోయాయి. ఇంతా చేసి, ఆయన చెక్కిన బొమ్మల మీద ఆయన పేరు లేదు. అడుగున బొమ్మ గీసి ఇచ్చినవాడి పేరు ఉండేది, అమ్మేవాడి పేరు ఉండేది, ఎవరికి అంకితమో ఆ ప్రభువుగారి బిరుదులు వరసగా ఉండేవి. అవన్నీ తిరగేసిన అక్షరాలతో చెక్కేది లీవెనే. తన వంతు వచ్చేసరికి చోటు అయిపోయేది. "నీ పేరు దేనికయ్యా, నీ గీత చూస్తే తెలియదూ" అని అమ్మేవాళ్ళు భుజం తట్టేవాళ్ళు. గీత చూసి తెలుసుకున్నవాడు ఇంతవరకు ఒక్కడూ ఎదురుపడలేదు.

ఈసారి అలా కాదు. ఈ బొమ్మ గీసిందీ తనే, చెక్కిందీ తనే. కింద అంచంతా ఏరు క్షేమంగా దాటించమనే ప్రార్థనకే సరిపోయింది కాబట్టి పేరు బొమ్మ లోపలే ఎక్కడైనా పెట్టుకోమని సంఘం పెద్ద యోరిస్ ఒప్పుకున్నాడు. "పెట్టుకో. కానీ చిన్నగా" అన్నాడు. ఆ చిన్నదాని కోసం లీవెన్ ఆ రేకు మీద ప్రాణం పెట్టాడు. చచ్చేలోపు ఒక్క కాగితం మీదైనా తన పేరు చూసుకోవాలి. ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడేవాడు గానీ, ఆయనకున్న కోరికల్లా అదే.

బొమ్మలో ఉన్నది పడవవాళ్ళు కొలిచే పునీత క్రిస్టఫర్. వెడల్పాటి ఏరు, అవతల కొండలు, కొండల మీద ఊళ్ళు, గాలిమరలు. కాగితం మీద చూస్తే కుడిపక్క ఏటి నడుమ క్రిస్టఫర్ మోకాలి లోతు నీళ్ళలో చేతికర్ర ఊతంగా నడుస్తూ, బాలయేసును భుజాల మీద మోసుకుని దాటిస్తుంటాడు. ఎడమపక్క ఒడ్డు మీద సన్యాసి ఒకడు గుడిసె ముందు నిలబడి లాంతరు ఎత్తి దారి చూపుతుంటాడు. సన్యాసి కాళ్ళ దగ్గరి రాయి మీద 'లీవెన్' అనీ, ఏట్లో క్రిస్టఫర్ కాళ్ళ పక్కనున్న రాయి మీద 'చేసెను' అనీ అక్షరాలు. రెండూ కలిపి చదువుకుంటే 'లీవెన్ చేసెను'. అంతటితో ఊరుకోక ఇంకో చిన్న దొంగపని కూడా చేశాడు. సన్యాసికి ముఖం కావాల్సి వస్తే, అద్దం ముందు పెట్టుకుని తన ముఖమే పెట్టేశాడు. ఈ సంగతి పిల్లికి కూడా చెప్పలేదు.

యోరిస్ వచ్చేసరికి లీవెన్ మేడమీద తడిగుడ్డ వేసుకునే ఉన్నాడు. కింద టానెకెన్ ఒక్కతే అచ్చుయంత్రం తుడుస్తూ ఉంది. యోరిస్ తాడు మీది కాగితం దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి గొంతు తగ్గించాడు.

"ఏమమ్మా, ఈ ఎడమపక్క గడ్డపాయన ఎవరు?"

"సన్యాసండీ."

"సన్యాసి కాదు, మా మామ. ఆ ముక్కు చూడు. ఆ ఏడుపుమొహం చూడు. అచ్చం ఆయనే."

పడవ కట్టే గుంజ ఎవరిదన్న తగాదాలో యోరిస్‌కూ ఆయన మామగారికీ మాటలు లేవని రేవులో తెలియనివాళ్ళు లేరు. ఆదివారం క్రిస్టఫర్ పండగ ఊరేగింపులో ఈ కాగితం ప్రతి పడవవాడి చేతిలోనూ ఉంటుంది.

"నా డబ్బు పోసి మా మామని ఊరేగించానని నవ్వుతారమ్మా. ఆయన్ని తీసెయ్యమను. కాలిగోటితో సహా ఆనవాలు మిగలకూడదు. ఆ చోట ఏం పెట్టాలో రేపొచ్చి నేనే చెబుతా" అని ఆ కాగితం మడిచి పట్టుకుని యోరిస్ వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. రాగిరేకు మీద చెక్కింది కాగితం మీద తిరగబడుతుంది. కాగితం మీద ఎడమపక్క కనిపించేది రేకు మీద కుడిపక్క ఉంటుంది. ఇది తెలియనివాడికి ఈ వృత్తిలో కూడు పుట్టదు. తెలిసినవాళ్ళిద్దరు ఒకే కొంపలో కాపురం చేస్తే మాత్రం నరకమే. లీవెన్ బతుకంతా రేకుతో, టానెకెన్ బతుకంతా కాగితంతో. పెళ్ళయిన కొత్తలో "ఎడమపక్క మబ్బు ఇంకా నల్లగా ఉండాలయ్యా" అని ఆమె అంటే, ఈయన వెళ్ళి వేరే మబ్బును నల్లగా చేసి వచ్చేవాడు. అలా ఒక పండగపూట వంట కూడా మానేసి పోట్లాడుకున్నాక, ఇద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. టానెకెన్ ఎప్పుడూ కాగితం మీది పక్కే చెప్పాలి. దాన్ని రేకు మీదికి తిప్పుకోవడం లీవెన్ పని. ఆనాటి నుంచి ఆ విషయంలో ఇంట్లో గొడవ లేదు.

ఆ రోజు టానెకెన్‌కు మొగుడి మీద జాలేసింది. మెట్లెక్కి చూస్తే గుడ్డ కింద నుంచి కళ్ళనీళ్ళు కారుతున్నాయి, ఏడుపువి కావు, అలసటవి. ఇంత అలిసిపోయిన మనిషి మళ్ళీ కుడీ ఎడమా తిప్పుకోవడం దేనికి, ఆ మాత్రం నేనే తిప్పి చెబితే పోలేదా అనుకుంది. కాపురానికి వచ్చాక ఆమె మొగుడికి చేసిన ఉపకారాల్లో అదొక్కటే తిరగబడింది.

"ఏమయ్యా, యోరిస్ గారొచ్చారు. కుడిపక్క గడ్డపాయన వాళ్ళ మామగారిలా ఉన్నాడట. తీసెయ్యమన్నారు."

లీవెన్ గుడ్డ తీశాడు. "కుడిపక్కదా?"

"కుడిపక్కదే. కాలిగోటితో సహా ఉండకూడదట. ఆ చోట ఏం పెట్టాలో రేపు చెబుతారట."

"నువ్వు సరిగ్గా విన్నావా?"

"విన్నాను. నువ్వేం ఆలోచించకు, నేనన్నీ చూసే చెబుతున్నా. చేపలు అయిపోతాయి, నేను పోతున్నా" అని బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

లీవెన్ లేచి కూర్చుని ఆలోచించాడు. టానెకెన్ కుడి అంటే కాగితం కుడి. కాగితం కుడి అంటే రేకు ఎడమ. రేకు ఎడమన ఉన్నది క్రిస్టఫర్. ఒక్క క్షణం అనుమానం రాకపోలేదు. క్రిస్టఫర్ పండగకు క్రిస్టఫర్‌ని తీసెయ్యమంటారా అని. కానీ గడ్డం ఉన్నది ఇద్దరికే. అందులో సన్యాసి తనే. తన ముఖం ఎవరి మామగారి ముఖమో ఎలా అవుతుంది? ఇక క్రిస్టఫర్ ముఖమంటారా, రేవులో బస్తాలు మోసే ఎవడినో చూసి గీసింది. వాడు యోరిస్ మామగారికి ఏ తమ్ముడో అయి ఉండవచ్చు. తీసేశాక రేపు కొత్త ముఖం ఎలా ఉండాలో చెబుతాడు కాబోలు. పెద్దవాళ్ళ మామగార్ల గొడవలు మనకెందుకు అనుకుని గీకుడు కత్తి తీసుకున్నాడు.

రాగి మీద గీత పెట్టడం కంటే తీయడం కష్టం. ముందు కత్తితో గీకాలి, తరువాత నున్నటి ఉక్కుకడ్డీతో రుద్దాలి, గీత లోతు పోయేదాకా. మధ్యాహ్నం దాటేసరికి క్రిస్టఫర్ గడ్డం పోయింది, భుజాలు పోయాయి, చేతికర్ర పోయింది, కాళ్ళు పోయాయి, కాళ్ళ దగ్గరి రాయి కూడా 'చేసెను'తో సహా ఏట్లో కలిసిపోయింది. అక్షరాలు మళ్ళీ చెక్కుకోవచ్చులే అనుకున్నాడు. బాలయేసు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. బాలయేసులో యోరిస్ మామగారి పోలిక ఉందని ఎవరూ అనలేదు. పైగా దేవుడి ముఖం మీద కత్తి పెట్టడానికి మనసు రాలేదు. పసివాణ్ణి ఎక్కడివాణ్ణి అక్కడే వదిలేసి, కత్తి కింద పెట్టి, బల్ల మీదే తల వాల్చాడు. టానెకెన్ వచ్చి సూపు తాగమన్నా లేవలేదు గానీ, కళ్ళు మండి తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

మర్నాడు తెల్లారగానే యోరిస్ తలుపు కొట్టాడు. లీవెన్ రేకు తెచ్చి బల్ల మీద బోర్లించాడు, గీతలు పాడవకుండా. టానెకెన్ వెనక్కి తిరిగి తడి కాగితాలు వేరు చేస్తూ ఉంది. తరువాత ఆమె రేకుకు సిరా పూసి, తుడిచి, కాగితం వేసింది. నల్లటి సిరా మీద చేత్తో తుడిచేటప్పుడు బొమ్మ ఎవరూ చూడరు, ఎక్కడ సిరా మిగిలిందో చూస్తారు. చక్రం తిప్పింది. కాగితం మూల పట్టుకుని నెమ్మదిగా పైకి లేపింది.

ముగ్గురూ చూశారు.

ఏరు ఉంది. కొండలున్నాయి. ఒడ్డు మీద సన్యాసి లాంతరు ఎత్తి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఏటి నడుమ, నీళ్ళకు నిలువెత్తు పైన, ఏ ఆధారమూ లేకుండా బాలయేసు గాలిలో కూర్చున్నాడు.

"మా క్రిస్టఫర్ ఏడీ?" అన్నాడు యోరిస్. గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"మీరే తీసెయ్యమన్నారుగా" అన్నాడు లీవెన్.

"నేను తీసెయ్యమన్నది మా మామని. మా మామ ఇదిగో, దీపం పట్టుకుని కులాసాగా నిలబడ్డాడు."

లీవెన్ భార్య వైపు తిరిగాడు. "నువ్వు కుడి అన్నావా లేదా?"

"అన్నాను. రేకు మీద కుడి."

"నువ్వు చెప్పేది ఎప్పుడూ కాగితం సంగతేగా."

"నీకు శ్రమెందుకని నేనే తిప్పి చెప్పాను."

"నీ అలవాటు తెలుసని నేనే తిప్పుకుని విన్నాను."

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తిట్టుకోవడానికి కూడా చోటు లేదు. ఎవరి తప్పు వాళ్ళు మంచికే చేశారు.

"బాగుంది. మీ ఆలుమగల సరసం మధ్య నా పుట్టి మునిగింది" అన్నాడు యోరిస్. "పొద్దున్నే క్రిస్టఫర్ మొహం చూస్తే ఆ పూట నీళ్ళలో పడి చావం అని ప్రతి పడవలోనూ బొమ్మ అంటించుకుంటాం. ఇప్పుడు మావాళ్ళు పొద్దున్నే లేచి ఎవర్ని చూడాలి? మా మామనా? ఆయన్ని చూస్తే ఉన్న పడవ కూడా మునుగుతుంది."

"ఆయన మీ మామగారు కాదండీ" అన్నాడు లీవెన్.

"మరెవరు?"

చెప్పక తప్పలేదు. "నేను."

యోరిస్ కాగితం చూశాడు. లీవెన్‌ను చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. "అయితే నువ్వూ మా మామలాగే ఉంటావన్నమాట" అన్నాడు. అందులో కోపం కంటే జాలే ఎక్కువగా ఉండడం లీవెన్‌కు కష్టంగా అనిపించింది.

"ఆదివారానికి మళ్ళీ చెక్కగలవా?"

"క్రిస్టఫర్ అంటే నెల పని. గీకిన చోట గుంట పడింది. ముందు దాన్ని వెనకనుంచి కొట్టి పైకి తేవాలి."

"కొట్టు మరి."

లీవెన్ రేకును తిరగేసి, వెనక వైపు నుంచి సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. నిద్ర లేని చెయ్యి. ఒకచోట ఎక్కువ పడింది, ఒకచోట తక్కువ పడింది. టానెకెన్ ఇంకో అచ్చు తీసింది. క్రిస్టఫర్ ఉండాల్సిన చోట సిరా నిలిచి బూడిదరంగు మంచులాగా కమ్మింది. మనసు పాడై ఆమె ఆ చోటే అరచేత్తో గట్టిగా తుడిచి మరో అచ్చు తీస్తే, బాలయేసు చుట్టూ తెల్లగా వెలుగు వచ్చింది. బాగుచేసిన కొద్దీ అది పడవవాళ్ళకు పనికిరాని బొమ్మగానే తేలుతోంది.

యోరిస్ టోపీ పెట్టుకున్నాడు. "మా తాతల నాటి చెక్క అచ్చు ఒకటి గోదాములో ఉంది. క్రిస్టఫర్ దుంగలా ఉంటాడు, అయినా ఉంటాడు. ఈ ఏడాదికి దాంతోనే గడుపుకుంటాం. సంఘం బొమ్మ, దాని మీద నీ పేరు, ఆ మాటలన్నీ మరిచిపో లీవెన్."

ఆయన వెళ్ళాక లీవెన్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాడు. టానెకెన్ రొట్టె ముక్కా ఉప్పుచేపా తెచ్చి పక్కన పెట్టి, "నా నోరు పడిపోను, ఎప్పటిలాగే చెప్పి ఉంటే సరిపోయేది" అంది. పాడైన అచ్చులు మూడూ వీధి కిటికీ దగ్గర తాడు మీద ఆరుతున్నాయి. వాటిని తీసి పొయ్యిలో పెట్టాలని ఇద్దరికీ తోచింది గానీ, ఎవరూ లేవలేదు.

ఆ కిటికీ ముందు మైకెన్ అవ్వ ఆగింది. చర్చి వాకిట్లో కొవ్వొత్తులు, జపమాలలు, పునీతుల బొమ్మలు అమ్ముకునే మనిషి. కాగితం వైపు చూస్తూ పెదాలు కదిపింది. విడివిడి అక్షరాలైతే కూడబలుక్కుని చదవగలదు.

"లీ... వె... న్." శిలువ గుర్తు వేసుకుంది. "ఏమే టానెకెన్, పునీత లీవెన్ బొమ్మ వేసి చెప్పనైనా లేదు?"

ఆ ఫ్లాండర్స్ సీమలో వీధికి నలుగురు లీవెన్‌లుంటారు, ఆ పేరుతో పాతకాలపు పునీతుడొకాయన ఉన్నాడు కాబట్టి. బోధ చేస్తుంటే దుర్మార్గులు ఆయన నాలుక పటకారుతో పెరికేశారట. ఆయన బొమ్మ ఎక్కడ చూసినా చేతిలో పటకారూ, పటకారులో నాలుకా.

"అది కాదు అవ్వా..." అంది టానెకెన్.

"ఆ పటకారు బొమ్మ చూస్తే పిల్లలు జడుసుకుంటున్నారే తల్లీ. ఎవరూ కొనరు. ఇదెంత చక్కగా ఉంది. ఏటి ఒడ్డున తపస్సు చేసుకుంటుంటే బాలయేసు వెలుగుతో ప్రత్యక్షమయ్యాడు. ఈ కథ మా అమ్మమ్మ చెప్పేది."

ఆ కథ పుట్టి ఇంకా ఒక పూట కూడా కాలేదు. అయినా వీధిలో నిలబడ్డ ఇంకొకామెకు కూడా వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. పాలవాడు ఆ ఏటి వంపు తమ ఊరిదేనన్నాడు. ఆ రాయి కూడా తెలుసు, దాని మీద కూర్చుని కాళ్ళు కడుక్కున్నాను అన్నాడు. కాసేపటికి కిటికీ ముందు సందు నిండిపోయింది. ఎవరో మోకరించారు. వెనకవాళ్ళకు కనిపించడం లేదని గోల మొదలైంది. మైకెన్ అవ్వ మూడు కాగితాలూ తనకే కావాలని గడపలో బైఠాయించింది.

లీవెన్ కిటికీ దగ్గరికి వచ్చి ఆ మోకరించినవాళ్ళను చూశాడు. వాళ్ళు పెదాలతో పలుకుతున్నది ఆయన పేరే. చూస్తున్నది ఆయన ముఖమే. ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది కళ్ళ ముందుంది, కానీ అది ఆయన వైపు చూడడం లేదు. "జరుగు బాబూ, అడ్డం" అన్నాడు పాలవాడు.

అంతలో జనం చీలి దారి ఇచ్చారు. ఫాదర్ అమాండ్ వచ్చాడు. ఆ రోజుల్లో చర్చి అనుమతి లేని బొమ్మ వేస్తే అచ్చుయంత్రం పగలగొట్టేవాళ్ళు, మనిషిని వదిలిపెడితే అదృష్టం. ఫాదర్ తాడు మీది కాగితాన్ని దగ్గరగా చూశాడు. యోరిస్ కూడా గోల విని రేవు నుంచి పరుగున వచ్చి వెనక నిలబడ్డాడు.

"పునీత లీవెన్‌కు ఏటి ఒడ్డున దర్శనమైందని ఎక్కడ రాసుంది?" అన్నాడు ఫాదర్.

అమ్మమ్మలున్నవాళ్ళంతా నేల చూపులు చూశారు.

లీవెన్ ముందుకు వచ్చాడు. ఆయనకు భయం కంటే విసుగు ఎక్కువైంది. ఇదంతా ఒక్క నిజంతో తేలిపోతుంది, తేలిపోతే పోయి పడుకోవచ్చు. "ఎక్కడా రాసిలేదు ఫాదర్. ఆ రాయి మీద లీవెన్ నేనే. ఆ మొహం కూడా నాదే."

మోకరించినవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఏమన్నావు?" ఫాదర్ మెల్లగా అడిగాడు. "ఏటి ఒడ్డున నిలబడింది నువ్వు. పైన వెలుగులో బాలయేసు. ఆయన నీకు కనిపించాడా?"

తాను అన్నది ఎలా వినపడిందో లీవెన్‌కు అప్పుడు అర్థమైంది. దర్శనాలు అవుతున్నాయని చెప్పుకున్నవాళ్ళ గతేమిటో ఆ ఊళ్ళో అందరూ చూసినదే. వాళ్ళను కాల్చిన మంటల వాసన సందులోకి కూడా వచ్చేది.

"ఈయన మాట పట్టించుకోకండి ఫాదర్" అని టానెకెన్ అడ్డం వచ్చింది. చేతుల సిరా కూడా కడుక్కోలేదు. "నిద్రలేదు, కళ్ళు కనపడడం లేదు. పొద్దున పిల్లిని పట్టుకుని నా పేరు పెట్టి పిలిచాడు."

"మరి ఈ బొమ్మ ఎవరు చేయించారు?"

అందరూ యోరిస్ వైపు తిరిగారు. ఈ రేకు సంఘం పనని రేవంతా ఎరుగుదురు. యోరిస్ గబగబా లెక్క వేసుకున్నాడు. కాదంటే ఎలా, పని అప్పగించింది తనేనాయె. తప్పుబొమ్మ చేయించారన్న పేరు వస్తే ఆదివారం ఊరేగింపు ఉండదు. ఉన్నదల్లా ఒక్కటే దారి.

"మా సంఘమే ఫాదర్. పునీత లీవెన్ ఏరు దాటబోతుంటే... బాలయేసు... మా పడవవాళ్ళలో తరతరాలుగా చెప్పుకునే సంగతే. రాసిపెట్టుకోలేదు గానీ."

ఫాదర్ గడ్డం నిమురుకున్నాడు. ఇంతమందికి తెలిసిన కథ తనకు తెలియదనడం ఆయనకూ ఇబ్బందిగానే ఉంది. "ఎక్కడో చదివినట్టే గుర్తు" అన్నాడు. తరువాత లీవెన్ వైపు వేలు చూపాడు. "కానీ ఇతని నోటితో ఇతను చెప్పాలి. అందరి ఎదుటా. ఆ రాయి మీది పేరు నీదా?"

టానెకెన్ మొగుడి చొక్కా అంచు పట్టుకుంది. ఆ కాసిని అక్షరాల కోసం ఆయన ఎన్నాళ్ళు కళ్ళు పాడుచేసుకున్నాడో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

"నాది కాదు ఫాదర్" అన్నాడు లీవెన్.

"గట్టిగా."

"నాది కాదు. అది పునీతుడి పేరు."

"మరి ఆ ముఖం?"

లీవెన్ ఒక్క క్షణం ఆలోచించాడు. "అది యోరిస్ గారి మామగారిది."

యోరిస్ పళ్ళు నూరడం పక్కవాళ్ళకు వినపడింది. జనం కాగితం వైపు చూసి, ఔను, ఔనని గుసగుసలాడారు. ఇంక ఆయన చేసేదేముంది. "ఔను ఫాదర్" అన్నాడు. "మామగారు మహా భక్తిపరులు. నేనే పట్టుబట్టి పెట్టించాను."

ఫాదర్‌కు తృప్తి కలిగింది. మామగారి మీద అంత గౌరవం ఈ కాలంలో చూడలేదని యోరిస్‌ను మెచ్చుకున్నాడు. అనుమతి సంగతి తానే పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. వెళ్ళబోతూ ఆగి, చెక్కినవాడి పేరు ఎక్కడా లేదేమని అడిగాడు.

"చోటు లేదు ఫాదర్" అన్నాడు లీవెన్.

"మంచిది. వినయమంటే అదీ" అని ఆశీర్వదించి, టానెకెన్ చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

జనం మెల్లగా పలచబడ్డారు. మైకెన్ అవ్వ మూడు కాగితాలూ ఒళ్ళో దాచుకుని, రేపటికి ఎన్ని తీయగలిగితే అన్నీ తనకే అని చెప్పి మరీ కదిలింది. లీవెన్ గడియ వేసి మెట్ల వైపు నడిచాడు. మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతున్నాడు.

"ఏమయ్యా" అని పిలిచింది టానెకెన్. చాలా మెత్తగా.

"మళ్ళీ ఏమిటి?"

"పడుకునే ముందు చిన్న పని ఉంది. ఉత్త పేరుంటే మళ్ళీ ఎవరైనా పొరబడతారట. దానికి ముందు 'పునీత' అని చేర్చమన్నారు ఫాదర్‌గారు."

లీవెన్ మెట్టు మీదే వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. తరువాత ఆయన మేడెక్కి, గాజుబుడ్డిలో నీళ్ళు మార్చి, ఉలి నూరుకుని, రేకు మీదికి వంగాడు. రాయి మీద తన పేరు పక్కన ఆ ఒక్క మాటా చెక్కాడు. చెక్కడం అయ్యాక ఆ రేకు మీద తనదని చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదు.

అక్షరాలు చాలా కుదురుగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు.